పొయ్యొస్తానన్న మాట

మధ్యాహ్నం మా చర్చి జింకు రేకుల మీద ఉన్నట్టుండి వాన పడింది. బద్వేలులో వాన వస్తే ఎక్కడి పనులక్కడ వదిలి అందరూ వాకిట్లోకి పరుగెత్తుతారు. నేను మాత్రం లోపల బల్ల మీదనే కూర్చుండిపోయాను. రేకుల మీద ఆ మోత వింటే నాకు రంగూను గుర్తొస్తుంది, రంగూనుతో పాటు మార్తమ్మత్త.

ఆమె నాకు చుట్టం కాదు. ఊరూరా తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. నేను బడి మెట్లెక్కినదాన్ని కాను. మా నాయనే ఇంట్లో అక్షరాలు దిద్దించాడు. పెండ్లయిన మరుసటి ఏడే భర్త పోయి, పుట్టింటి మూలగదిలో గోడను చూస్తూ కూర్చున్న నన్ను బయటికి పిలిచింది మార్తమ్మత్తే. "గోడను చూసింది చాల్లేమ్మే, లెయ్. చదివి చెప్పి, చదివి చెప్పి ఒక్కదానికి నోరు నొస్తాంది. నువ్వు చదువు, నేను చెప్తా" అంది. ఆ పిలుపు కోసం ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెల్లిస్తుంటాను.

యుద్ధానికి ముందు మాట. రంగూనులో కూలి చేసుకొని బతికే తెలుగువాళ్ల దగ్గరికి మిషను వారు ఆమెను కొన్నాళ్లు పంపుతూ, తోడుగా నన్నూ పొమ్మన్నారు. ఓడలో నాకు ఒకటే వాంతులు. అత్త మాత్రం కమ్మీ పట్టుకొని సముద్రాన్ని చూస్తూ నిలబడింది. "ఇన్ని నీళ్లు ఈడ పోసి పెట్టుకున్న్యాడు గదమ్మే దేవుడు! మన పక్కకు నాలుగు కడవలు పంపితే ఏం పొయ్యె?" అని, వెంటనే నాలిక కరుచుకుంది.

రంగూనులో తీరిక దొరికినప్పుడల్లా నన్ను ఊరు చూడ్డానికి తీసుకుపోయేది. బంగారు పగోడా మెట్ల దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. చూస్తే తప్పేమోనని భయం. "మొక్కమంటినా? చూడమంటి. ఎవురో శానా కష్టపడి కట్టినారు" అంటూ అందరి మాదిరే చెప్పులు విడిచింది. మెట్ల మీద పూలమ్మే బర్మా ముసలామె మోకాలు వాచి ఉంది. అత్త పక్కన కూర్చొని, ఆ మోకాలు నిమిరి, కండ్లు మూసుకొని మన తెలుగులోనే ప్రార్థన చేసింది. ముసలామె నవ్వి మాకు చెరొక పువ్వు ఇచ్చింది. "ఆమెకేం అర్థమైంటాది అత్తా?" అని అడిగాను. "తన నొప్పి ఎవురో చూసినారని అర్థమైంటాది. అంతకంటే నాకు మాత్రం ఏం తెలుసు?" అంది.

కూలీలు ఉండేది పొడుగాటి రేకుల కొట్టాల్లో. వాళ్లంతా విశాఖపట్నం వైపు వాళ్లు. మా మాటలు వింటే వాళ్లకు నవ్వు. "ఏటమ్మా, యాడ, ఈడ అంటావు. నీది తెలుగేనా?" అన్నాడొక మేస్త్రీ. "తెలుగేనప్పా. మా ఎండకు రవంత గట్టిపడిండాది" అంది అత్త. కొట్టమంతా నవ్వింది, చివరి గదిలో ఉన్న అప్పలమ్మ తప్ప. బియ్యం మిల్లులో పనికి పోయి ఆమె భర్త చనిపోయాడట. నా ఈడుదే. గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. నేను చదివాను, అత్త చెప్పింది, ఆమె ఇటు తిరగలేదు. లేచి వస్తూ అత్త "పొయ్యొస్తా తల్లీ" అంది.

తిరుగు ఓడకు మేము మూటలు కట్టుకుంటుంటే ఆ మేస్త్రీ వచ్చాడు. "అప్పలమ్మ రోజూ గుమ్మం కాడే కూకుంటంది. మీరొస్తామన్నారంట గదా?" అన్నాడు. ఉన్నపళాన పోయాము. వాన. గుమ్మంలో తడుస్తూ కూర్చుని ఉంది. మేము రేపే ఓడెక్కుతున్నామని చెప్పి, "అది లేచేటప్పుడు అందరూ అనే మాట గదా తల్లీ" అని అత్త సర్దిచెప్పబోయింది.

"అందరూ అంటారు. మావోడూ మిల్లుకెళ్తా అదే అన్నాడు. నువ్వు దేవుడి మనిషివి గదా, ఒట్టినే అనవనుకున్నాను" అంది అప్పలమ్మ.

అత్త ఆమె పక్కనే, ఆ తడి నేల మీదనే కూర్చుంది.

మరునాడు రేవులో నన్ను అదే ఓడలో పోతున్న ఒక నెల్లూరు కుటుంబానికి అప్పగించింది. తాను ఓడ ఎక్కలేదు. "మిషను వాళ్లకు నేను చెప్పుకుంటాలే. ఆ బిడ్డ లేచి తిరిగేదాకా ఉంటా" అంది. నేనూ ఉంటానన్నాను. "మీ నాయనకు నిన్ను క్షేమంగా ఇల్లు చేరుస్తానని చెప్పింటి. ఒక మాట తప్పితిమని ఇంకోటి గూడా తప్పాల్నా?" అంది. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, కొట్టాల వైపు మళ్లింది. ఆమె నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు. ఏడుస్తూ, "పొయ్యొస్తానని నాతో అనవా అత్తా?" అని అడిగేశాను. "వచ్చేది నా చేతుల్లో లేదు గదమ్మే. నీకు మాత్రం ఒట్టి మాట ఎట్ల చెప్పేది?" అంది.

తర్వాత రంగూను మీద బాంబులు పడ్డాయి. అడవులు, కొండలు దాటి నడిచి వచ్చినవాళ్లను నాయనా నేనూ ఎందరినో అడిగాము. మార్తమ్మత్తను చూశామని ఒక్కరూ చెప్పలేదు.

ఇప్పుడు ఊళ్లు తిరిగి వాక్యం చెప్పేది నేను. చదివేదీ చెప్పేదీ నేనే. ఎవరింట్లోనైనా లేచేటప్పుడు ఊరికే దండం పెట్టి వస్తాను. "సుగుణమ్మకు మర్యాద తెల్లేదు, పొయ్యొస్తానని గూడా అనదు" అని వెనక అనుకుంటారు. అనుకోనీ. పోయిన నెల రాజంపేటలో మంచం పట్టిన ఒక ఒంటరి ముసలామె నా చెయ్యి వదల్లేదు. ఆమెతో మాత్రం ఆ మాట అన్నాను. రేపు పొద్దున్నే రాజంపేటకు బయలుదేరాలి.