కెరటాల దగ్గర ఆగిపోయే పాట

కారు స్టీరియో పాడైతే కారు మా షాపుకొస్తుంది. ఆటోది పాడైతే ఆటో వస్తుంది. బోటు రాదు కదా, అందుకని నేనే వెళ్లాను. విజయనగరంలో స్టీరియోలు అమ్మి, బిగించి బతికేవాణ్ని. నా ప్రయాణాలన్నీ ఇంటికీ షాపుకీ మధ్యనే. అలాంటివాణ్ని ఉద్దానం తీరం దాకా లాక్కెళ్లింది ఒక ఫోను.

ఫోను చేసినావిడ పేరు పోలమ్మ. ఆమె భర్త ఎర్రన్నకు చేపల వేట బోటు ఉంది. పోయినేడాది మా షాపులోనే సెట్టూ, ఆంప్లిఫయరూ, రెండు స్పీకర్లూ కొనుక్కెళ్లి, ఊళ్లో తామే బిగించుకున్నారు. కొన్న రోజే ఎర్రన్న నన్ను ‘బావా’ అని పిలిచాడు. ఆ వరసన పోలమ్మకు నేను అన్నయ్యనైపోయాను. నన్నెవరూ అడగలేదు, నేనూ కాదనలేదు.

“అన్నియ్యా, పాట మద్దిలో ఆగిపోతన్నాది. ఒకపాలొచ్చి సూడు,” అంది.

“సెట్టు విప్పి బస్సులో పంపించమ్మా, చూసి పంపిస్తాను.”

“సెట్టు ఒడ్డున బాగానే పాడతాది. కెరటాల కాడకొచ్చీసరికే ఆగిపోతాది. కెరటాన్ని బస్సులో ఎలగ పంపించీది?”

మర్నాడు షాపు మూసేసి పొద్దున్నే పలాస ప్యాసింజరు ఎక్కాను. సంచిలో మీటరు, లావుపాటి వైరు చుట్ట, మారుద్దామని ఒక ఆంప్లిఫయరు, ఒక జత స్పీకర్లు. తప్పంతా స్పీకర్లదేనని నా గట్టి నమ్మకం. సముద్రం గాలికి వాటి లోపలి కాగితం ఊడిపోయి ఉంటుంది, మార్చేసి సాయంత్రం బండికి తిరిగొచ్చేద్దాం అనుకున్నాను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో బండి నిండిపోయింది. నా ఎదురుగా ఒకావిడ కూర్చుంది. వేళ్ల చివర్లు జీడి రసానికి నల్లబడి ఉన్నాయి. పలాసలో జీడిపప్పు మిల్లులో పని.

“ఆ సంచిలో ఏటి బాబూ, అంత బరువుగున్నాది?”

చెప్పాను. ఆవిడ “పాట కోసం ఇంత దూరమొచ్చీవోల్లు కూడా ఉన్నారన్నమాట,” అని చీరకొంగు ముడి విప్పి గుప్పెడు జీడిపప్పు బద్దలు నా చేతిలో పోసింది. అది మెచ్చుకోలో, జాలో తెలియలేదు. బద్దలు మాత్రం కమ్మగా ఉన్నాయి. కోటబొమ్మాళిలో సంతకెళ్లేవాళ్లు దిగిపోయాక కాళ్లు చాపుకుని, నౌపడాలో టీ తాగి, ఎండెక్కేసరికి పలాసలో దిగాను.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. కాశీబుగ్గ బస్టాండు దగ్గరే కడుపునిండా టిఫిను చేసెయ్యండి, తర్వాత దారిలో టీ, బిస్కెట్లే. నేను రెండు పెసరట్లు తిని కవిటి బస్సెక్కాను. ఆ పెసరట్ల సంగతి తర్వాత సముద్రంలో తేలింది.

బస్సులో పక్క సీటాయన డయాలసిస్ చేయించుకుని ఇంటికి వెళ్తున్నాడు. ముంజేతికి దూది అంటించి ఉంది, మొహం వాడిపోయి ఉంది. నాకు కునుకు పడుతుంటే, “కవిటి ఇంకా దూరమున్నాది. పడుకో బాబూ, నాను లేపుతాను,” అన్నాడు. ఒంట్లో బాగాలేనాయన మేలుకుని కూర్చుంటే, దుక్కలా ఉన్న నేను హాయిగా నిద్రపోయాను. కవిటి రాగానే భుజం తట్టాడు. “ఊల్లో కుళాయి నీల్లడిగి తాగు. మొగమాటపడి నూతి నీల్లు తాగీకు,” అని కూడా చెప్పాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు నూతి నీళ్ల వల్లేనని అందరి అనుమానం. ఆయన పేరు అడగనందుకు ఇప్పటికీ మనసులో పీకుతూనే ఉంటుంది.

కవిటి నుంచి ఆటో. దారంతా కొబ్బరి తోటలే, ఎండ నేల మీద పడితే ఒట్టు. తోటలు అయిపోగానే ఇసుక, ఇసుక మీద వరసగా బోట్లు, అవతల సముద్రం. పోలమ్మ బోటు పక్కనే నిలబడి ఉంది. కుడి మోచేతికి కట్టు కట్టి, మెడలోంచి గుడ్డతో వేలాడదీసుకుంది.

“చేతికేమైందమ్మా?” అన్నాను.

“నీ పాటే ఇరిసినాది,” అంది నవ్వకుండా.

సంగతంతా ఎర్రన్న చెప్పాడు. ఆ పల్లెలో సాయంత్రం వేటకెళ్లిన బోట్లు తెల్లారేసరికి వస్తాయి. ఒక్కో బోటుకు ఒక్కో పాట. ఒడ్డు కనుచూపు మేరకు రాగానే ఎవరి పాట వాళ్లు గట్టిగా పెడతారు. మంచులోనో, జల్లులోనో బోటు కనపడకపోయినా పాట వినపడుతుంది. ఫలానా వాళ్లది వస్తోందని ఇంటివాళ్లు బుట్టలూ తాళ్లూ పట్టుకుని ఆ చోటికి వెళ్తారు. ఒడ్డుకు కాస్త ముందు కెరటాలు విరిగే చోటుంది. బోట్లు తిరగబడేది అక్కడే. ఎర్రన్న బోటు పాట సరిగ్గా అక్కడే ఆగడం మొదలుపెట్టింది. ఒకసారి జల్లులో పాట ఆగి, ఎంతకీ మళ్లీ రాలేదు. పోలమ్మ చీకట్లోనే పరిగెత్తుకుంటూ నీళ్లలో దిగిపోయింది. కెరటం ఆమెను ఎత్తి కొట్టింది. బోటు మాత్రం ఏమీ కాకుండా ఒడ్డుకొచ్చింది.

“నాను దిగీసరికి దీన్ని నలుగురు మోసుకొత్తన్నారు బావా,” అన్నాడు ఎర్రన్న.

“పాడితే నమ్మకంగా పాడాల,” అంది పోలమ్మ. “మద్దిలో ఆగిపోయీ పాట నాకొద్దు. ఇయ్యాల బాగవకపోతే సెట్టు ఊడదీసీమన్నాను. మంచులో ఏ బోటొచ్చిందో తెలీకుండా నిలబడతాను. అది కూడా కష్టమే. గాని ఆగిపోయీ పాట కంటే నయం.”

స్టీరియోలో బేసు తక్కువైందనీ, కీచుమంటోందనీ నా దగ్గరకొచ్చి గోల పెట్టినవాళ్లను చూశాను గానీ, ఇలాంటి కంప్లయింటు ఎప్పుడూ వినలేదు.

పని మొదలుపెట్టాను. సెట్టూ స్పీకర్లూ ముందుభాగంలో ఒక చెక్క పెట్టెలో ఉన్నాయి, దాని కింద పలకల అడుగున బ్యాటరీ. పాట పెట్టాను. గంగమ్మ తల్లి మీద జముకులు వాయిస్తూ పాడే పాట, గట్టి దరువు. ఒడ్డున నిక్షేపంలా పాడింది. ఎంత పెంచినా పాడింది. అయినా మోసుకొచ్చినందుకు స్పీకర్లు మార్చాను, ఆంప్లిఫయరు మార్చాను. అవీ నిక్షేపంలా పాడాయి. మధ్యాహ్నం దాటిపోయింది.

“ఒడ్డున కూకుంటే తేలదు బావా, నీటిలోకెల్దాం,” అన్నాడు ఎర్రన్న.

నాకు లైఫ్ జాకెట్టు తొడిగి, ఇద్దరు పనివాళ్లతో బోటు నీళ్లలోకి తోశాడు. కెరటాలు విరిగే చోటికి చేరేసరికి పెసరట్లు బయటికొచ్చేశాయి. పనివాళ్లలో ఒకడు నా నడుం పట్టుకున్నాడు, ఇంకొకడు తల పట్టుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు. అదీ వాళ్ల మంచితనం. అప్పుడే ఒక కెరటం బోటును ఎత్తి దబ్బున కింద పడేసింది. పాట టక్కున ఆగిపోయింది.

తల తిరుగుతున్నా మీటరు పట్టుకున్నాను. బ్యాటరీ దగ్గర కరెంటు నిండుగా ఉంది. సెట్టు దగ్గరకు చేరేది సగం కూడా లేదు. అంటే సెట్టు మంచిది, స్పీకర్లు మంచివి, మధ్య దారిలో ఎక్కడో గండి పడింది. నిలకడగా ఉన్నప్పుడు అతుకు ఎలాగో అంటుకుని ఉంటోంది, బోటు కుదుపుకి వదిలేస్తోంది. ఒడ్డుకు పదమన్నాను. ఆ మాట నా ఆరోగ్యం కోసం కూడా అన్నాను.

ఒడ్డున పలకలు ఎత్తి వైరు వెంట చెయ్యి పెట్టి వెతుకుతుంటే చీమలు కుట్టాయి. సముద్రంలో తిరిగే బోటులో చీమలేమిటి? ఇసుకలోంచి బోటు పక్కగా ఎక్కి, పెట్టె కిందికి, నల్ల టేపు చుట్టిన ఒక అతుకు దగ్గరికి బారు కట్టాయి. టేపు విప్పితే లోపల రాగి తీగ పచ్చటి పిండైపోయి ఉంది. టేపు జిగటగా ఉంది. ఉప్పునీటి తడికి చీమలు రావు.

“పెట్టె మీద తియ్యటిదేమైనా పోస్తారా?” అని ఎర్రన్నను అడిగాను.

అతను ఇంటి వైపు చూసి గొంతు తగ్గించాడు. వేటకెళ్లే ముందు పోలమ్మ బోటు ముక్కు మీద కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ఇంజనుకు, వలకు, పెట్టెకు తలా కాస్త పోస్తుంది. పని చేసే ఏ వస్తువునూ చిన్నబుచ్చకూడదని ఆ ఇంటి ఆనవాయితీ. పాట ఆగడం మొదలయ్యాక పెట్టెకు మాత్రం కాయ నీళ్లన్నీ పోస్తోంది.

“ఉప్పుగాలికని సెప్పీ బావా,” అన్నాడు. “ఆ సెయ్యి సూసినావు కదా. దీనికి కారణం నువ్వేనని దానితో నాను సెప్పలేను.”

నేనూ చెప్పలేను. సరేనన్నాను. పాత వైరు మొత్తం తీసి పారేసి, బ్యాటరీ నుంచి సెట్టు దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకటే లావు వైరు వేశాను. చివర్లకు గ్రీజు రాశాను. పైనుంచి నీళ్లు జారినా సెట్టులోకి పోకుండా వైరును కిందికి వంచి కట్టాను. బోటు, కారు, ట్రాక్టరు, ఏదైనా సరే, స్పీకర్లు ఆగి ఆగి పాడుతుంటే ముందు వైరు చూడండి. నాలాగా స్పీకర్లు మోసుకుని బయల్దేరకండి.

పోలమ్మ ఎడమచేత్తోనే వండింది. చేపల పులుసు, అన్నం. కుళాయి నీళ్లు నేనడక్కుండానే పెట్టింది. నేను రెండో ముద్ద కలుపుతుంటే అడిగింది.

“ఏటయినాది అన్నియ్యా పెట్టికి?”

“ఉప్పుగాలమ్మా. వైరు తినేసింది.”

“ఉప్పుకి సీమలెందుకొత్తాయి?”

ఎర్రన్న కంచం మీదికి తల వంచాడు. నా చేతి మీద దద్దుర్లు చూసిందో, తానే పలక ఎత్తి చూసిందో తెలియదు.

“కొబ్బరి నీల్లు కదా,” అంది. “నానే ఆపీసినాను. ఆగకూడదని ఇంకా పోసినాను, ఇంకా ఆగిపోనాది.”

“నీకేటి తెలుసు,” అన్నాడు ఎర్రన్న.

“తెలీదు. తెలీకే పోసినాను.” కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి, పులుసు కారం అనుకుంటారని ధైర్యంగా తుడుచుకున్నాను. కాసేపటికి ఆమే అంది, “ఉప్పని సెప్పమన్నది ఈయనే కదా? అబద్దం కూడా సరిగ్గా ఆడలేరు ఇద్దరూ. అన్నం తిను అన్నియ్యా, సల్లారిపోతాది.”

సాయంత్రం బోటు బయల్దేరే ముందు ఆమె ఒక గ్లాసు తెచ్చింది. కాయ కొట్టి, నీళ్లు గ్లాసులోకి పట్టి, ఇంజనుకు చూపించి, వలకు చూపించి, పెట్టె ముందు కళ్లు మూసుకుని చాలాసేపు పట్టుకుంది. తర్వాత సముద్రంలో పోసేసింది. “తల్లికి నీల్లు కావాల గాని, తీగలు తడవక్కర్నేదు,” అంది ఎవరితోనూ కాకుండా. సాయంత్రం బండి మాట నేను ఎత్తలేదు. బోటు తిరిగొచ్చేదాకా కదిలే ఉద్దేశం నాకు లేదు.

తెల్లవారుజామున లేచి ఆమెతో పాటు ఒడ్డుకెళ్లాను. మంచు పట్టేసి, నీళ్ల అంచు కూడా కనబడ్డం లేదు. ఆడవాళ్లు బుట్టలతో నిలబడి ఉన్నారు. అందరూ చెవులొగ్గి వింటున్నారు. ఒక పాట వచ్చింది, కొందరు అటు కదిలారు. ఇంకోటి వచ్చింది, ఇంకొందరు కదిలారు. తర్వాత సన్నగా జముకుల దరువు వినబడింది. పోలమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. పాట దగ్గరైంది. కెరటాలు విరిగే చప్పుడులో కలిసింది. నేను బిగించిన ప్రతి స్క్రూ నాకు గుర్తొచ్చింది. ఒక పెద్ద కెరటం విరిగి, ఆ హోరులో ఏమీ వినబడలేదు. హోరు తగ్గేసరికి పాట అక్కడే ఉంది, తర్వాతి చరణంలో ఉంది.

ఆమె నా చొక్కా వదిలేసి, బుట్ట తీసుకుని నీళ్ల వైపు వెళ్లింది. పరిగెత్తలేదు. నడుచుకుంటూ వెళ్లింది.

చేపల వ్యాను టెక్కలి వెళ్తుంటే ఎర్రన్న నన్ను డ్రైవరు పక్కన ఎక్కించి, ఐసులో పెట్టిన చేపల డబ్బా కాళ్ల దగ్గర పెట్టాడు. పోలమ్మ కిటికీ దగ్గరకొచ్చి, “ఈపాలి ఏటీ పాడవకపోయినా రా అన్నియ్యా,” అంది. వస్తానన్నాను. ఊరికే అన్న మాట కాదు.

టెక్కలిలో టీ తాగి శ్రీకాకుళం బస్సెక్కాను. మనసు నిండుగా ఉంది. వాళ్ల కష్టం తీర్చానని కాదు. జీడిపప్పు బద్దలు, భుజం తట్టి లేపిన చెయ్యి, సముద్రంలో నా తల పట్టుకున్నవాడు, ఎడమచేత్తో వండిన అన్నం, ఇవన్నీ రెండు రోజుల్లో నాకు దక్కాయి. అన్నీ ఊరికే దక్కాయి.

బస్సులో డ్రైవరు పాటలు పెట్టాడు. హైవే ఎక్కే ముందు స్పీడు బ్రేకరు దగ్గర బస్సు ఎగిరి పడింది, పాట టక్కున ఆగిపోయింది. ఇన్నేళ్ల వృత్తిలో అలాంటివి వేలు విన్నాను, వైరు లూజు అనుకుని ఊరుకునేవాణ్ని. ఈసారి నాకు తెలియకుండానే సీట్లోంచి లేచి నిలబడ్డాను.

“దిగాలేటి?” అన్నాడు పక్కాయన.

లేదని చెప్పాను. పాట మళ్లీ వచ్చేదాకా మాత్రం కూర్చోలేకపోయాను.