పిల్లోళ్లు లేని బడికి అయ్యవారు

ఆ కాలంలో మా పక్క వానా, ఉద్యోగమూ రెండూ ఒకే తీరు. వస్తాదని చెప్పేవాళ్లే గాని, వచ్చినప్పుడు చూసినవాళ్లు లేరు. అట్లాంటి కరువులో, డిగ్రీ చేసి ఊరికే తిరగతాండిన నాకు కంబదూరు పక్కన ఒక పల్లెలో విద్యా వాలంటీరు పని దొరికింది. మా నాయన 'గవర్మెంటు ఉద్యోగం' అని ఊరంతా చెప్పుకున్నాడు (అది ఏడాది పని, అదీ బడి నడిస్తేనే). తీరా పోయి చూస్తే బడి ఉండాది, నల్లబల్ల ఉండాది, పిల్లోళ్లే కరిగిపోతాండారు. శెనక్కాయ చేన్లోనే మాడిపోయి, జనం మూటలు కట్టుకొని బెంగళూరికి కట్టడం పనులకు పోతాండారు. ఆఖరికి ఒక్క పిల్లోడు మిగిలినాడు, ఊళ్లో గొర్రెలు మేపే గొర్రెలవ్వ మనవడు. వాడొక్కడికే హాజరు పిలిచి, వాడొక్కణ్ణే 'గలాటా చేయొద్దు' అని గదిమి, వాణ్ణే క్లాసు లీడర్ని చేసినాను. ఒకనాడు వాళ్లమ్మా నాయనా వచ్చి లీడర్ని కూడా తోలుకొని పోయినారు.

మండలంలో పెద్దసారు ఒకటే మాట చెప్పినాడు: "పిల్లోళ్లు వచ్చినా రాకున్నా తలుపు తెరువప్పా. ఒకసారి మూస్తే ఇంగ ఆ బడిని తెరిచేవాడు ఉండడు." సరేనని రోజూ తలుపు తీసి, కసువు ఊడ్చి, నల్లబల్ల మీద తేదీ రాసి, ఖాళీ గదికి పాఠం చెప్పేవాణ్ణి. టీ అంగడి కాడ, "ఏమప్పా సారూ, గోడలకు ఎక్కాలు వచ్చినాయా?" అని ఒకటే నవ్వు. ఒక మధ్యాహ్నం పాఠం సగంలో నిలిపేసి కూలబడినాను. వసారాలో నీడకు కూర్చున్న గొర్రెలవ్వ లోపలికి తొంగి చూసింది.

"ఏం నాయనా, నిలిపేస్తివే?"

"వినేవాళ్లు ఎవురుండారవ్వా?"

"నేను వింటాండా గదా. చెప్పు."

మేత లేక గొర్రెలను అమ్మేసినారు, కొడుకూ కోడలూ మనవడూ పోయినారు, అవ్వకు ఇంగ పనేముంది? మరుసటి దినం నుంచి నాకంటే ముందే వచ్చి కూర్చుండేది. నేను ఆలస్యమైతే "గొర్రెలైతే నీకోసం నిలబడతాయా?" అని నన్నే గదిమేది. సాయంత్రం నేర్చిన అక్షరం పొద్దునకు మర్చిపోయేది. మళ్లా చెప్పేవాణ్ణి, మళ్లా మర్చిపోయేది. విసుగు నాకే. "ఎండిన చేనని దున్నకుండా ఇడుస్తామా? చెప్పు" అనేది.

ఒకనాడు అవ్వ కూడా రాలేదు. పోయి చూస్తే ఇంటికి తాళం. ఆ కొద్ది దినాలూ ఆ గదిలో కూర్చుంటే, ఊరే కాదు, నేను కూడా లేనట్లుండింది. పని మానేసి ఇంటికి పోదామనుకుంటాండగా, దుమ్ము కొట్టుకొని అవ్వ వచ్చింది.

"యాడికి పోయినావవ్వా?"

"బెంగళూరికి. మనవణ్ణి సూసేదానికి."

"ఒక్కదానివేనా! బస్సు ఎట్లా కనుక్కుంటివి?"

"సదువుకున్నా గదప్పా. బోర్డు సూసి ఎక్కినా."

"అది కన్నడం కదవ్వా!"

"అవునా? అక్షరాలు రవ్వంత వంకరగా ఉన్యాయి. నీ మాదిరి రాత బాగలేని సారెవరో రాసినాడనుకుంటిని."

నేను పడీ పడీ నవ్వినాను. తర్వాత "మనవడు బాగుండాడా?" అని అడిగినాను. అవ్వ గోడ పక్కకు తిరిగింది.

"ఇటికెలు మోస్తాండాడు. వాళ్ల నాయన పంపనన్యాడు."

నేను సుద్దముక్క పట్టుకొని నిలబడినాను. అవ్వే కొంగుతో మొగం తుడుచుకొని అనింది: "ఊరికే నిలబడితే ఎట్లప్పా? చెప్పు. వాడుండే వీధి యాడని అందరినీ అడిగి అడిగి నోరు పడిపోయింది. ఈ తూరి నేనే సదువుకొని పోవాల."

మరుసటేడు వాన పడింది. కొంతమంది తిరిగొచ్చినారు, ఆ పిల్లోడు రాలేదు. అవ్వ ఇంకోసారి బస్సెక్కిందని విన్నాను గాని, అప్పటికి నేను వేరే ఊరికి మారినాను.

ఇప్పుడు నేను పెద్ద బడికి హెడ్మాస్టరును. వానైనా వరదైనా (మాకు వరద యాడిది?) బడి తప్పనని, నాది మహా క్రమశిక్షణ అని కుర్ర అయ్యవార్లు పొగుడుతారు. ఆ ఏడాది నేను పారిపోకపోయింది శ్రద్ధతో కాదు, పోయేదానికి ఇంకో చోటు లేక. పోగా పోగా అదే అలవాటైపోయింది. సెలవు దినం కూడా పొద్దున్నే తలదువ్వుకొని, చెప్పులేసుకొని గేటు దాకా పోతాను. "ఈ పొద్దు ఆదివారం" అని మా ఇంటామె లోపల్నుంచే అరుస్తాది. ఎవరన్నా చూసినారేమోనని అటూ ఇటూ చూసి, వాకింగుకు పోతాండినట్లు చేతులూపుకుంటా వెనక్కి తిరుగుతాను.