బొత్తాల డబ్బాలో ఫోను

వీధిలో ఎవరి పొట్ట ఏ ఏడాది ఎంత పెరిగిందో తెలిసినవాడు టైలరు బాబాయి ఒక్కడే. చచ్చినా చెప్పడు. ఎవరి పక్కన ఎవరున్నారో పసిగట్టి, అంటుజబ్బు తేలితే హెచ్చరించే సర్కారు యాప్ అంటే మాత్రం ఆయనకు గిట్టదు. కూతురి పోరు పడలేక ఫోనులో వేయించుకున్నాడు గానీ, షాపు తెరవగానే ఆ ఫోనును బొత్తాల రేకు డబ్బాలో పెట్టి మూత బిగించేవాడు. "మనం ఎవరి పక్కన నిలబడ్డామో వాళ్లకెందుకే?" అనేవాడు కూతురితో, చెవి మీది పెన్సిలు సవరించుకుంటూ.

ఒకరోజు చొక్కాకు కొలతలిచ్చి వెళ్లిన బడిపంతులుకు ఆ జబ్బు తేలింది. మూత బిగించిన డబ్బాలో ఏదీ పసిగట్టని ఫోను కిక్కురుమనలేదు. పంతులు చెబితే ఆరోగ్య కార్యకర్త వచ్చి, గడప బయటే నిలబడి, "ఆయన తర్వాత ఎవరెవరు వచ్చారు బాబాయ్?" అంది. బాబాయి మెడలోని టేపు వంక చూశాడు. పంతులు తర్వాత అదే టేపుతో మరో పదకొండు మందిని కొలిచాడు. కొలతల పుస్తకం తెచ్చి, నడుం కొలతలకు అరచెయ్యి అడ్డం పెట్టి, పేర్లూ నంబర్లూ చూపించాడు. "ఇవి మాత్రం చూడకమ్మా. నన్ను నమ్మి ఇచ్చారు." ఆమె వాటి జోలికి పోకుండా పేర్లు రాసుకుంది.

పరీక్షలయ్యాక ఆమే వచ్చింది. "ఎవరికీ లేదు బాబాయ్, నీకు కూడా." ఆయన ఆమెకు స్టూలు జరిపాడు. "నాకో యూనిఫాం కుట్టాలి. నా కొలతలూ ఎవరికీ చూపించవుగా?" అందామె.

"ప్రాణం పోయినా!" అంటూ పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. తర్వాత డబ్బా మూత తీసి, ఫోనును మిషను పక్కన పెట్టాడు.

"ఎవరొచ్చారో చూసుకో," అన్నాడు దానితో. "కొలతల జోలికి మాత్రం రాకు."