గోడ అవతలి కాపలావాడు

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాణ్ణీ ఊరు మేధావి అనుకునేది. ఆ అనుకోవడం నాకు బాగా నచ్చి, కాదని ఎవరికీ చెప్పలేదు. రెండువేల దశకం మధ్యలో నాగర్‌కర్నూల్‌లో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవాణ్ణి (అంటే పిల్లలకన్నా ఒక పేజీ ముందు చదివేవాణ్ణి). ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని రప్పించడానికి మా సారు ఒక ఉపాయం చేశాడు. నేనొక వీడియో గేమ్ తయారుచేయాలి. అందులో కాపలావాడి కంటపడకుండా మొదట ఆట ముగించినవాడికి కోర్సు ఉచితం.

గద్వాల కోట చూసొచ్చి, అలాంటిదే తెర మీద గీశాను. ఆటగాడు గోడల చాటున నక్కుతూ పోయి ఖజానా తాళంచెవి తేవాలి. ఆడేకొద్దీ అతని 'నక్కే విద్య' పెరుగుతుంది. తలపాగా, మీసం పెట్టి ఒక కాపలావాణ్ణి నిలబెట్టాను. చిక్కు అక్కడే వచ్చింది. వాడి కంటి నుంచి ఆటగాడి దాకా ఒక గీత ఊహించి, మధ్యలో గోడ అడ్డొస్తే కనబడనట్టు లెక్క రాయాలి. ఆ లెక్క నాకు రాలేదు. రాలేదని ఒప్పుకోవడం అంతకన్నా రాలేదు. కాపలావాడి చుట్టూ ఒక సున్నా చుట్టి, అందులోకి ఎవడొచ్చినా పట్టుకొమ్మని రాసేశాను. గోడ ఉన్నా, వీపు తిరిగి ఉన్నా వాడికి ఒకటే. నక్కే విద్య ఎంత పెరిగినా తెర మీద అంకె మారేది, అంతే.

ఆ ఉచిత సీటు కోసం పాన్‌గల్ నుంచి మా మేనమామ కొడుకు వచ్చాడు. బావ అప్పటికే ఇంటర్ తప్పాడు; ఈ కోర్సు దొరక్కపోతే మేస్త్రీ వెంట బొంబాయి కూలికి పోవాల్సిందే. అందుకని రోజూ పొద్దుటి బస్సుకే దిగేవాడు. తెర మీద గోడ వెనక ఊపిరి బిగబట్టి (నిజంగానే బిగబట్టేవాడు) నిలబడేవాడు. కాపలావాడు తిన్నగా వచ్చి మెడ పట్టేవాడు.

ఒకరోజు మా సారు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. చూసి చూసి, "ఏందయ్యా, గోడ అవతలున్నోడు వీనికెట్ల కనవడ్డడు?" అని నన్నడిగాడు. నేను వంగి కంప్యూటర్ వెనక తీగలు సర్దసాగాను.

బావ తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "కండ్లతోని కాదు సార్, వాసన వడ్తుండు. మా శేన్ల అడివిపందులు గిట్లనే చేస్తయి. ఆ జెండా సూడుండ్రి, గాలి నా దిక్కుకెల్లి వాని దిక్కు పోతుంది."

ఆ జెండా నేను ఉత్త అందానికి గీసింది. "గంత బుర్ర పెట్టినవా," అని సారు నా భుజం తట్టాడు. అవును సార్ అన్నాను. మర్నాటి నుంచి పిల్లలందరూ జెండా చూసి నక్కడం, దొరికిపోవడం. సీటు ఎవరికీ రాలేదు. బావ బొంబాయి పోయాడు. ఆ లెక్క నాకు వానాకాలంలో వచ్చింది.

తర్వాత ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో ఈ కథ చెప్పి నవ్వించాను: కంప్యూటర్ బొమ్మకు ముక్కుందని నమ్మిన పల్లెటూరి బావ కథ. అతని ముందూ చెప్పేవాణ్ణి. అతనూ నవ్వేవాడు. మొన్న కల్వకుర్తిలో ఒక పెళ్లిలో మొదటి బంతి తిని చేతులు కడుక్కుంటూ, "బావ, నువ్వు నిజంగనే వాసన అనుకున్నవా?" అని అడిగాను. (అన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.)

"బొమ్మకు ముక్కేందిరా," అన్నాడు. "మీ సారు అడుగుతుంటె నీకు చెమటలు వడ్తుండె. కొత్త నౌకరి. ఏదో ఒకటి అనాలె గద."

"మరి నీ సీటు?"

"ఆటల తప్పున్నదని చెప్తె నాకు సీటొస్తుండెనేమో. నీకు నౌకరి పోతుండె." తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. "బొంబాయిల జర కష్టమయింది గని, గడిచింది తీ."

ఈలోగా రెండో బంతికి ఆకులు వేశారు. కుర్రాళ్లు కొందరు, "అన్నా, ఆ వాసన కథ చెప్పు," అని పట్టుకున్నారు. చెప్పాను. ఈసారి తెలివితక్కువవాణ్ణి నేనే. ఎప్పుడూ వచ్చేంత నవ్వు రాలేదు. ఒకడు మధ్యలోనే పప్పు కోసం కేకేశాడు. అవతలి వరుసలో అన్నం వడ్డిస్తున్న బావ ఒక్కడే నవ్వాడు. అతన్ని చూసి నేనూ కొంచెం నవ్వాను.