లెక్కలో లేని గంటలు

వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో నా డెయిరీని ఒక్క చూపులో కొన్నానని చాలామందికి చెప్పాను. ఇక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం కాదు. పాలు, బ్రెడ్డు, పిల్లల మిఠాయిలు అమ్మే వీధిమూల కొట్టు. నా బేరానికి బిల్డింగ్ యజమానికి చెమటలు పట్టాయని కూడా చెప్పాను. పట్టింది నాకే. లాయరు ఫీజు మిగుల్చుకుందామని అయిదేళ్ల లీజు మీద చదవకుండా సంతకం పెట్టేశాను. మధ్యలో వదిలేస్తే మిగిలిన అద్దె అంతా నేనే కట్టాలని మూడో ఏడు తెలిసింది.

అప్పటికే కొట్టు మమ్మల్ని మింగేసింది. పొద్దున్న ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఏడు రోజులూ. కౌంటరు వెనక ఇద్దరం ఎదురుపడితే ఒకరు గోడకి ఒదగాలి. అద్దంలోంచి వెల్లింగ్టన్ రైలు కనిపించేది. మూడేళ్లలో ఇద్దరం కలిసి ఒక్కసారీ ఎక్కలేదు.

మా ఆవిడకి ఈత నేర్చుకోవాలని కోరిక. యాభై ఎనిమిదేళ్ల వయసులో, బుధవారం పదింటి క్లాసుకి పది వారాల డబ్బు ముందే కట్టింది. ఈతదుస్తులు విప్పని ప్యాకెట్టులోనే కౌంటరు కింద ఉన్నాయి. మూడు బుధవారాలు పోయాయి. "నేను వెళ్లమంటూనే ఉన్నాను, తనే కదలదు" అని వచ్చినవాళ్లకల్లా చెప్పేవాణ్ణి.

పక్క ఫ్లాట్‌లో ఒక కరీంనగర్ అమ్మాయి ఉండేది. చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే బ్యాంకులో సెటిల్ అయింది. శనివారాలు కమ్యూనిటీ హాల్లో మనవాళ్లకి జీతం, పొదుపు, అప్పుల గురించి ఉచితంగా క్లాసు చెప్పేది. ఓ రోజు పాలకోసం వచ్చింది.

"ఆ క్లాసు చెప్పాల్సింది నేను తల్లీ!" అని నా లెక్కల పుస్తకం ఆమె ముందు పడేశాను.

నాలుగు పేజీలు తిప్పింది. "అంకుల్, మీవి, ఆంటీవి పనిగంటలు ఏడ రాసిన్రు?"

"సొంత కొట్టుకి జీతమేంటమ్మా!"

"గట్లైతే మీరు లాభమని రాసిందంతా మీ ఇద్దరి కూలీనే గద."

రసీదు వెనకాల గంటకి ఎంత పడుతోందో లెక్క కట్టింది. మనిషిని పెట్టుకుని అంతే ఇస్తే ఈ దేశంలో నా మీద కేసు పెడతారు.

"ఆంటీ బుధవారం రెండు గంటలు పోతే ఎంత నష్టం?"

"వందల డాలర్లు!" అన్నాను.

"పదకొండు" అంది మా ఆవిడ, బిల్లు మిషన్ మీంచి తలెత్తకుండా. "పోయిన బుధవారం ఆ రెండు గంటల్లో మిగిలింది పదకొండు."

"అయినా అంకుల్ ఉంటరు గదా, షాపు బంద్ చేసుడెందుకు?"

మా ఆవిడ నావైపు చూసింది. ఇక దాచలేకపోయాను. ఓనరునని చెప్పుకోవడమే గానీ ఆ మిషన్ నాకు రాదు, కార్డు తీసుకోవడం రాదు. నేర్పుతానన్నప్పుడల్లా ఏదో పని కల్పించుకుని తప్పించుకున్నాను. తను గుమ్మం దాటితే కొట్టు మూతే. నన్ను లీజు కట్టేసింది, తనని నేను కట్టేశాను.

"పోతే పోనీ పదకొండు డాలర్లు" అని నేనే తేల్చి చెప్పానని రాద్దామనుకున్నాను. ఆ మాట తనది.

బుధవారం తను ప్యాకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. నేను లోపల తాళం వేసుకుని ఖాళీ పాల క్రేటు మీద కూర్చున్నాను. బయటికి పోవచ్చు, ఎవరూ ఆపరు. కాళ్లు కదల్లేదు. అంతలో ఎవరో అద్దం మీద తట్టారు. గభాలున కౌంటరు కింద నక్కాను.

పన్నెండు దాటాక తడిజుట్టుతో వచ్చింది.

"ఎవరైనా వచ్చారా?"

"యాభైమంది."

తను కదలకుండా చూసింది.

"ఒక్కడే" అన్నాను. "కనపడకుండా దాక్కున్నాను."

పగలబడి నవ్వింది. లీజు ఇంకా రెండేళ్లుంది. తడి సంచీ కౌంటరు మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుని మిషన్ ముందుకి లాగింది.

"రండి. ముందు ఈ మీట నొక్కండి."