రెండు కొత్త టైర్లతో మట్టెవాడకు

యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో సర్కారు చీటీ లేకుండా మోటారు టైరు దొరికేది కాదు. ఏడు నెలలు తిరిగాక మాకు రెండు మంజూరయ్యాయి. వాటిని తీసుకుని ఉదయం ఆరున్నరకు డోర్నకల్‌లో వరంగల్ రైలెక్కాను. అన్న పోయి అప్పటికి తొమ్మిది నెలలు. ఆయన కారును వరంగల్‌లో వదినే నడుపుతోంది. ఆమె నర్సు, పల్లెల్లో కాన్పులకు దాని మీదే వెళ్తుంది. ఈ రెండూ అరిగిపోతే మళ్లీ చీటీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

మూడో తరగతి పెట్టెలో చోటు తక్కువ. టైర్లను ఒకదానిమీద ఒకటి పెట్టగానే ఒక ముసలమ్మ వాటిమీద కూర్చుంది.

“చక్రాలే తెచ్చినవ్, బండేది కొడకా?”

“వరంగల్‌ల ఉన్నదమ్మా.”

“బండి నిన్ను మొయ్యాలె గాని, నువ్వే దాన్ని మోస్కపోతున్నవేంది?”

పెట్టె అంతా నవ్వింది. చాలా రోజులకు నేనూ నవ్వాను. మానుకోటలో దిగుతూ ఆమె ఒక సీతాఫలం నా చేతిలో పెట్టింది. “కూసున్నందుకు కిరాయి” అంది.

పదింటికి వరంగల్. స్టేషను ఎదుట ఇడ్లీ తిని, టాంగాలో మట్టెవాడ చేరాను. వదిన అప్పటికే కారును యాకూబ్ మియా మరమ్మతు దుకాణానికి తెచ్చింది. అతను కొత్త టైర్లను చూడనేలేదు. ముందు చక్రాల పాత టైర్ల మీద అరచేయి రాశాడు. లోపలి అంచులు నున్నగా అరిగాయి, బయటి అంచుల్లో గాడులు అలాగే ఉన్నాయి. వెదురుబద్దతో ఆ రెండు చక్రాల మధ్య ఎడం కొలిచాడు. వెనకవైపు కంటే ముందువైపు వేలెడు ఎక్కువ వచ్చింది.

“పాలు పంచుకున్న అన్నదమ్ముల లెక్క ఒకటి అటు, ఒకటి ఇటు పోతున్నయ్ సార్. కొత్తయి ఏసినా రెండు నెలలల్ల గిట్లనే అయితయ్. రెండు చక్రాలను కలిపే కడ్డీ వంగింది. ఎవలో తీగ గూడ చుట్టిన్రు.”

చుట్టింది అన్నే. కల్వర్టు రాయి తగిలి కడ్డీ వంగినప్పుడు తనకు తోచినట్టు సర్ది కట్టాడు. ఆయన పోయాక, ఆయన కట్టింది అలాగే ఉండాలని మేము ఎవరినీ ముట్టనివ్వలేదు. బండి ఎటు గుంజినా వదిన బలంగా పట్టి నడిపింది.

ఆమె కాసేపు వంగి ఆ తీగను చూసింది.

“విప్పు యాకూబన్నా. ఆయనుంటే మమ్ములనే తిడుతుండె, ఇన్నొద్దులు ఎట్ల ఊకున్నరని.”

కడ్డీని కాల్చి, సాగగొట్టి బిగించేసరికి మూడు దాటింది. యాకూబ్ మియా ఇంకోసారి కొలిచి, ముందువైపు ఎడం వెనకకంటే రవ్వంత తక్కువగా ఉందని చూసుకున్నాకే కొత్త టైర్లు వేశాడు.

నన్ను స్టేషనుకు తీసుకువెళ్తూ ఖాళీ రోడ్డు మీద వదిన స్టీరింగు వదిలేసింది. కారు తిన్నగా పోయింది.

“నా భుజాల నొప్పికి దవాఖాన ఏదో ఇప్పుడెరుకైంది తమ్మీ” అంది.

వదిన ఇంటి దగ్గర అడిగి తెలుసుకుని వచ్చిన ఒక రైతు స్టేషను దగ్గర ఆమె కోసమే నిలబడి ఉన్నాడు. కోడలికి నొప్పులు మొదలయ్యాయట. వదిన అతన్ని ఎక్కించుకుని, నాకు ‘పోయొస్త’ అనైనా చెప్పకుండా బండి తిప్పింది.

ఐదింటి రైలులో కిటికీ పక్కన చోటు దొరికింది. కొత్త టైర్లు కొనబోయేవారు ముందుగా పాతవాటి అంచులు తడిమి చూసుకోవాలి. ఏడు నెలలు చీటీ కోసం తిరిగిన నాకు ఆ పని తోచలేదు. అయినా అన్న పోయాక వరంగల్ నుంచి తేలిక మనసుతో తిరిగి రావడం నాకు అదే మొదటిసారి.