నాన్న ఎక్కించిన కాగితం

ఇవాళ పొద్దున్న నాన్న టైపు మిషను బల్ల మీద పెట్టించుకున్నారు. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయాక దాన్ని ముట్టుకోవడం ఇదే మొదలు. రేపట్నుంచి పోర్టులో మళ్లీ టైపిస్టు డ్యూటీకి వెళ్లాలని ఆయన పట్టుదల.

రెండు కాగితాల మధ్య కార్బన్ పెట్టి, ఎడమ చేత్తో రోలరు తిప్పారు. ఎన్నిసార్లు తిప్పినా వంకరగానే ఎక్కింది. సాయం చెయ్యబోయాను.

"నువ్వు ముట్టుకోకమ్మా, నాను సేత్తాను," అన్నారు.

చివరికి తిన్నగా ఎక్కింది. ఒక్క వేలితో తన పేరు కొట్టి, కాగితాలు తీసి చూసుకున్నారు. రెండోది ఖాళీగా ఉంది. ఇన్నేళ్ల టైపిస్టు, కార్బన్ తిరగేసి పెట్టేశారు; ఆయన పేరు మొదటి కాగితం వెనకే పడింది.

"పర్లేదు నాన్నా, మళ్లీ పెడదాం," అన్నాను.

"ఇంక రానని మా ఆఫీసులో సెప్పీసి రామ్మా," అన్నారు.

సాయంత్రమైంది. నేనింకా వెళ్లలేదు. మీరైతే వెళ్తారా?